తాండ్రలో ఉప్పు పొర

పోయిన ఏడాది జూన్‌లో మనోళ్ళందరం రాయగడలో కలిసినప్పుడు విస్తళ్ళలో తాండ్ర ముక్క పడలేదు. పులిహోర ఉంది, దప్పళం ఉంది, బూరెలున్నాయి. తాండ్ర లేదు. కొరాపుట్ నుంచి, సునాబెడ నుంచి వచ్చినోళ్ళు "ఏటప్పా, ఈ ఏడు మామిడి కాపు లేదా?" అని అడిగారు. లేదనే చెప్పాను. అది అబద్ధం. కాపు బాగానే ఉంది. తాండ్ర కూడా చేశాను. పందొమ్మిది కిలోలు తేలింది. అందరం కలవడానికి ఇంకా రెండు రోజులుందనగా మొత్తం పట్టుకెళ్ళి పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశాను.

ఎందుకు పూడ్చానో మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మళ్ళీ మామిడి రోజులొచ్చాయి. కాలనీ తాండ్ర చెయ్యడం చేతనైనవాళ్ళం ముగ్గురమో నలుగురమో మిగిలాం. నేను చేసిన తప్పు ఇంకొకళ్ళు చెయ్యకూడదు.

మిల్లు చూడని పిల్లలకి, మన ఇళ్ళకి కొత్తగా వచ్చిన కోడళ్ళకి ముందు కాలనీ తాండ్ర అంటే ఏటో చెప్పాలి. తాండ్ర అందరికీ తెలిసిందే. మామిడిపండు గుజ్జు చాప మీద పలచగా పూస్తారు, ఎండబెడతారు, ఎండిన పొర మీద ఇంకో పొర పూస్తారు. అలా పొర మీద పొర. విజయనగరం జిల్లా లక్కవరపుకోట దగ్గర భీమాలి ఊరు తాండ్రకే పేరు. గోదావరి జిల్లాలో ఆత్రేయపురంవాళ్ళు పూతరేకులతోపాటు తాండ్ర కూడా చేస్తారు. ఒడియావాళ్ళు ఆంబ సఢా అంటారు, బెంగాలీలు ఆమ్‌సత్త్వ అంటారు, హిందీవాళ్ళు ఆమ్ పాపడ్ అంటారు. అరబ్బు దేశాల్లో ఆప్రికాట్ పండుతో ఇలాంటి రేకే చేసుకుని, రంజాను ఉపవాసం విడిచేటప్పుడు నీళ్ళలో కరగబెట్టుకుని తాగుతారట. మా మేనల్లుడు దుబాయ్ నుంచి ఒక పొట్లం తెచ్చాడు. ఉప్పు లేదు, మరీ తియ్యగా ఉంది.

మన కాలనీ తాండ్రకి మిగతావాటితో ఉన్న తేడా రెండు. ఒకటి, ఇంటికో పొర. రెండు, మధ్యలో ఒక ఉప్పు పొర.

ఇంటికో పొర ఎందుకో లెక్క చెప్తాను. కాలనీ చాప మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. దాని మీద ఒక పొర సరిగ్గా పడాలంటే రెండున్నర కిలోల గుజ్జు కావాలి. అంత గుజ్జు రావాలంటే పీచు మామిడి ఐదు కిలోలు పిసకాలి. అలాంటి పొరలు పదహారు. అంటే ఎనభై కిలోల పళ్ళు. ఒక్క ఇల్లు అంత కొనలేదు. కొన్నా ఉంచుకోలేదు. అప్పట్లో ఫ్రిజ్‌లు లేవు, పిసికిన గుజ్జు సాయంత్రానికే పులిసిపోతాది. అందుకని ఏ రోజు గుజ్జు ఆ రోజే. ఈ రోజు మొదటి లైనులో మొదటి ఇల్లు, రేపు రెండో ఇల్లు. ఎవరి వంతు రోజున వాళ్ళే పళ్ళు తెచ్చి, పిసికి, పంచదార కలిపి, చాప మీద పుయ్యాలి. ఆ రోజు కాకులు తోలే పని కూడా వాళ్ళ గుంటలదే.

ఏరువాక పున్నమి నాడు కోసేవాళ్ళు. కోసిన ముక్క పక్కకి తిప్పి చూస్తే గీతలు గీతలుగా కనపడేది. సువర్ణరేఖ పళ్ళు తెచ్చినోళ్ళ పొర ఎర్ర పసుపు. కలెక్టర్ మామిడి తెచ్చినోళ్ళది లేత పసుపు. బెల్లం వేసినోళ్ళది ముదురు గోధుమ. "ఇదిగో మా పొర" అని గుంటలు వేలు పెట్టి చూపించుకునేవారు. ఎవరి పొర పీచు పీచుగా ఉందో, ఎవరు జల్లెడ పట్టడానికి బద్ధకించారో కూడా ఆ ముక్కలోనే తెలిసిపోయేది. దాని మీద పడిన గొడవలు రాస్తే ఈ పత్రిక చాలదు.

కొరాపుట్, రాయగడ వైపు నుంచి మిల్లుకి వచ్చినవాళ్ళు మన కాలనీలో సగం మంది ఉండేవారు. ఒడిశావాళ్ళకి మన తాండ్ర ఎలా అలవాటైందని ఈ మధ్య ఒక కుర్రాడు అడిగాడు. నాయనా, 1936 ఏప్రిల్ దాకా కొరాపుట్ అంతా విశాఖపట్నం జిల్లాలోదే, మద్రాసు కింద ఉండేది. రాయగడ వేరే జిల్లా అయింది 1992 అక్టోబరులో. పార్వతీపురం పిల్లని రాయగడ ఇవ్వడం, రాయగడ పిల్లని బొబ్బిలి ఇవ్వడం అంతకు ముందూ ఉంది, తరవాతా ఉంది. పెట్టెలో తాండ్ర పెట్టి అత్తారింటికి పంపడమూ ఉంది.

ఇక ఉప్పు పొర.

అది 1986 వేసవి. నేను రీలింగ్‌లో చేరి నాలుగేళ్ళు. మా ఎదురు లైనులో ఒక వదిన ఉండేది. పేరు రాయను, ఇష్టపడేది కాదు. వాళ్ళాయనది కార్డింగ్. దూది ధూళికి దగ్గు పట్టి, నెలల తరబడి పనికి వెళ్ళలేక ఇంట్లోనే ఉన్నాడు. జీతం లేదు. ముగ్గురు గుంటలు. రేషను పంచదార తెచ్చినా అప్పుకి వేరే ఇంటికి పోయేది. పొరల వంతు వాళ్ళ ఇంటికి వచ్చింది, ఎనిమిదో పొర. మా అత్తమ్మ ముందు రోజు వెళ్ళి "ఈసారికి మీ వంతు మేం వేస్తాంలే అమ్మా" అంది. ఆ వదిన ఒప్పుకోలేదు. "మా ఇల్లు లెక్కలోంచి తీసెయ్యకండి అత్తా" అంది.

మర్నాడు పొద్దున్నే గిన్నెతో వచ్చింది. గాలికి రాలిన పళ్ళు, సగం పండినవి, పుల్లటివి. పంచదార లేదు. ఉప్పు వేసింది, ఎండుమిరపకాయ వేయించి నూరింది, జీలకర్ర వేసింది. ఎవరి మొహమూ చూడలేదు. చుట్టూ ఉన్నోళ్ళం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఏడు తియ్యటి పొరల మీద ఇదేటి అని ఒకావిడ గొణిగింది. మా అత్తమ్మ ఆవిడ చేతిలో గిన్నె తీసుకుని తనే ముందు ఒక చేత్తో పూసి, "రావే, మిగతాది నువ్వు పుయ్యి" అంది. అంతే, ఇంకెవరూ మాట్లాడలేదు.

ఏరువాక నాడు కోశాం. ముక్క నోట్లో పెడితే ముందు తీపి. నములుతుంటే మధ్యలోంచి పులుపు, ఉప్పు, సన్నగా కారం వచ్చి, వెనకాలే మళ్ళీ తీపి. ఉప్పు తగిలిన తరవాత ఆ తీపి ఇంకా ఎక్కువ అనిపిస్తాది. రెండో షిఫ్టు నుంచి వచ్చిన మగవాళ్ళు చెమటకి ఉప్పు వాచిపోయి ఉంటారు కదా, ఇంకో ముక్క ఇంకో ముక్క అని చాప దగ్గర కూచుండిపోయారు. పై ఏడు వంతులు పంచుకుంటుంటే "ఆ ఉప్పు పొర మాత్రం ఆ ఇంటిదే" అని అందరూ అన్నారు. వాళ్ళాయనకి మళ్ళీ పని దొరికి, ఇంట్లో పంచదార ఉన్నప్పుడు కూడా ఆ వదిన ఉప్పే తెచ్చేది. తెస్తూ నవ్వేది. ఆమె పోయి ఎనిమిదేళ్ళు అయింది.

ఇప్పుడు చేసే పద్ధతి చెప్తాను. మొదటగా పళ్ళు. బంగినపల్లి వద్దు. ఖరీదు ఎక్కువ, రసం తక్కువ, ఎండితే చప్పగా ఉంటాది. నాటు మామిడి మంచిది. పీచు ఉన్నా పరవాలేదు, పులుపు ఉండాలి. పులుపు లేని తాండ్ర రెండో ముక్కకే వెగటు. మాకు రాయగడలో కొండ పళ్ళు వస్తాయి. నియంగిరి కొండల మీంచి డొంగరియా కోందు ఆడవాళ్ళు దిగి చాటికోన బుధవారం సంతకి తెస్తారు. కొరాపుట్ వైపువాళ్ళకి కుందులి శుక్రవారం సంత ఉంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. కొండమీదివాళ్ళు చైత్రంలో పండగ చేసి దేవతకి పెట్టేదాకా కొత్త మామిడి ముట్టరు. అందుకని ముందే పళ్ళు తెమ్మని వాళ్ళ మీద పడకండి. బేరం కూడా మరీ పీక్కోకండి. ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ కొండ దిగి చూడండి, తెలుస్తాది.

పళ్ళు గడ్డిలో మాగెయ్యాలి. కడిగి, తొడిమ దగ్గర కోసి, సొన కారనిచ్చి మళ్ళీ కడగాలి. సొన గుజ్జులో పడితే తిన్నవాళ్ళ పెదాలు పొక్కుతాయి. తొక్క తీసి పిసికి, వెదురు జల్లెడలో రుద్ది గుజ్జు దించాలి. రెండున్నర కిలోల గుజ్జుకి ఆరొందల గ్రాముల పంచదార. పళ్ళు మరీ తీపైతే తగ్గించండి. బెల్లం వేస్తే రుచి బాగుంటాది కానీ బెల్లం తడి పీలుస్తాది, ఆ పొర బంకబంకగానే ఉండిపోతాది. నేనైతే పదహారింటిలో ఒకటి రెండు పొరలకి మించి బెల్లం ఒప్పుకోను.

ఈత చాప కడిగి ఎండబెట్టి, పలచగా నువ్వుల నూనె రాయాలి. నులక మంచం మీద చాప పరిచి, మంచం కోళ్ళ కింద నీళ్ళు పోసిన చిప్పలు పెట్టాలి, లేకపోతే చీమలు మనకంటే ముందు పండగ చేసుకుంటాయి. పైన పాత దోమతెర. గుజ్జు అరచేత్తో ఒకే పక్కకి పుయ్యాలి. మందం రెండు రూపాయల బిళ్ళంత ఉంటే చాలు. తొందరగా అయిపోవాలని మందంగా పూస్తే పైన చర్మం కట్టి లోపల పచ్చిగానే ఉండిపోతాది.

పొద్దున్న తొమ్మిదికి పూస్తే, రాయగడ ఎండకి సాయంత్రం ఐదుకి ఆరుతాది. వేలి వెనక భాగంతో నొక్కి చూడండి. వేలుకి అంటకూడదు, చాప మీద వేలి గుర్తు ఉండకూడదు. ఆ రెండూ ఉంటే మర్నాడు ఇంకో పొర వేసుకోవచ్చు. లేకపోతే ఆగాలి. మంచు పడకముందే చాప లోపలికి తెచ్చెయ్యాలి.

ఉప్పు పొరకి రెండున్నర కిలోల పుల్లటి గుజ్జు, నూట అరవై గ్రాముల ఉప్పు, వేయించి నూరిన ఎండుమిరపకాయలు ఎనిమిది, వేయించిన జీలకర్ర రెండు చెంచాలు. ఉప్పు చాలా ఎక్కువనిపిస్తాది. పదిహేను తియ్యటి పొరల మధ్య ఒక్కటే కదా, సరిపోతాది. ఎప్పుడూ మధ్యలోనే, ఎనిమిదోది. పైన వేస్తే నాలుక ముందు ఉప్పు పట్టేస్తాది, తీపి తెలీదు.

పదహారూ అయ్యాక చాప మీంచి ఊడదీసి, తిరగేసి రెండు రోజులు అడుగు వైపు ఎండబెట్టాలి. నూనె రాసిన కత్తితో కోసి, నూనె కాగితంలో చుట్టి స్టీలు డబ్బాలో పెడితే ఏడాది ఉంటాది. ఉండనిస్తే.

కొరాపుట్‌వాళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు. "మీకేం, మీది ఎండ ఊరు, మాకు అవ్వదు" అని. నిజమే. కొరాపుట్ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. రాయగడ కొండల కింద, రెండొందల మీటర్ల పైచిలుకు. మాకు ఒక రోజులో ఆరే పొర వాళ్ళకి రెండు మూడు రోజులు పడతాది. మేలో మధ్యాహ్నం దాటితే అక్కడ మబ్బు, జల్లు. నా మాట వింటే అక్కడ పెద్ద చాప పెట్టుకోవద్దు. గుజ్జులో పంచదార వేసి పొయ్యి మీద దగ్గరగా ఉడికించండి. అడుగంటకుండా కలుపుతూ, గరిటెతో తీస్తే ముద్దగా పడేదాకా. నీళ్ళు సగం పోతాయి, పులియడం ఆగుతాది. దాన్ని నెయ్యి రాసిన స్టీలు పళ్ళాల్లో పుయ్యండి. రంగు కొంచెం నల్లబడతాది, పచ్చి మామిడిపండు వాసన పోతాది. నాకు అంత నచ్చదు. కానీ ఇంటిమట్టుకి చేసుకోవచ్చు. కాలనీ చాపకైతే ఆ ఉడికించిన గుజ్జే డబ్బాలో వేసి బస్సులో రాయగడ పంపించండి. మీ పొర మేం పూస్తాం. మీ పొర నల్లగా ఉంటే ఉండనీ, కోసినప్పుడు మీదేనని తెలుస్తాది.

నా తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చెప్తాను.

పోయిన ఏడాది పళ్ళు ఆలస్యంగా దొరికాయి. ఏడు పొరలూ బాగా ఆరాయి. ఎనిమిదో రోజు ఉప్పు పొర పూశాను. మా అత్తమ్మ ఉప్పు పొరకి ఎప్పుడూ రెండు ఎండలు ఇచ్చేది. ఎందుకని నేను ఏనాడూ అడగలేదు. అదేదో ఆనవాయితీ అనుకున్నాను. ఆనవాయితీ కాదు. ఉప్పు గాలిలో తడిని లాగుతాది. వానాకాలంలో ఉప్పు డబ్బా చూడండి, నీరు కారుతాది. పంచదార పొర సాయంత్రానికి ఆరినా, ఉప్పు పొర పైకి ఆరినట్టుండి రాత్రికి మళ్ళీ మెత్తబడతాది. మిల్లులో మనం గాలిలో తడి కోసం కష్టపడేవాళ్ళం, తడి తగ్గితే దారం పుటుక్కున తెగుతాది. ముప్ఫై ఏళ్ళు ఆ తడిలో నిలబడి పని చేసినదాన్ని, ఆ ఒక్క రోజు తడి సంగతి మరిచిపోయాను.

తొమ్మిదో రోజు పొద్దున్న మబ్బు పట్టింది. ఇంకా ఎనిమిది పొరలు, రోజులు లేవు. వేలితో నొక్కాను. కొంచెం అంటింది. "పైన పొర పడితే అదే ఆరుతాదిలే" అనుకుని తొమ్మిదో పొర పూసేశాను. అంతే. దాని మీద ఇంకో ఏడు. లోపలి తడికి బయటికి దారి లేదు.

కోసే రోజున మూల ముక్క తీశాను. ముందు వాసన వచ్చింది, కల్లు కుండ వాసన. విరిచి చూస్తే ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య తెల్లగా దూది పింజెలాగ, అక్కడక్కడ పచ్చగా. ఇంకో మూల కోశాను. అక్కడా అంతే. మధ్యలో కోశాను. అక్కడ ఏమీ లేదు. మా ఇంటాయన పక్కనే నిలబడి, "బాగున్న దగ్గర కోసి పెట్టు, మిగతాది గీకేసి ఎండబెట్టు, ఎవరికి తెలుస్తాది" అన్నాడు. పందొమ్మిది కిలోలు, పదహారు ఇళ్ళ పళ్ళు. ఆయన మాట తప్పని ఆ క్షణంలో నేనూ అనలేకపోయాను.

కానీ రాయగడలో ఉన్నవాళ్ళకి మామిడి బూజు అంటే మామూలు మాట కాదు. 2001 వానాకాలంలో మా జిల్లాలోనే కాశీపూర్ బ్లాకులో కొండ ఊళ్ళవాళ్ళు మామిడి టెంక జావ తాగి వరసగా చనిపోయారు. దేశం అంతా పేపర్లలో వచ్చింది. టెంకలో పప్పు వాళ్ళు ఎప్పటినుంచో తింటున్నదే. ఎండబెట్టి, పారే నీళ్ళలో నానబెట్టి చేదు పోగొట్టి, మళ్ళీ ఎండబెట్టి దంచుకుంటారు. పొలంలో గింజ ఇంకా ఇంటికి రాని రోజుల్లో, వానలప్పుడు, అదే తిండి. ఆ ఏడు పప్పుకి బూజు పట్టింది, అది విషమైందని కొందరు అన్నారు. కాదు, తినడానికి ఇంకేమీ లేకనే చనిపోయారని కొందరు అన్నారు. నాకైతే రెండూ ఒకటే అనిపిస్తాది. ఇంట్లో బియ్యం ఉన్నవాళ్ళు బూజు పట్టింది ఎందుకు తింటారు? 2024 లో కంధమాల్ జిల్లాలో మళ్ళీ అలాగే టెంక జావ తాగి మనుషులు పోయారు.

కాలనీ రోజుల్లో మన చాప కిందకి ఎనభై కిలోల పళ్ళు పిసికితే టెంకలు గోనెసంచులకి వచ్చేవి. కట్టెలమ్ముకునే ఆడవాళ్ళు వచ్చి అడిగి పట్టుకెళ్ళేవారు. పశువులకో పొయ్యిలోకో అనుకునేదాన్ని. తడి టెంకలు అలాగే సంచిలో కుక్కి ఇచ్చేదాన్ని, పెరట్లో కుప్ప వదిలింది చాలనుకుని. కాశీపూర్ సంగతి విన్న రోజు ఆ సంచులు గుర్తొచ్చాయి. వాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదనే అనుకుంటున్నాను. కానీ అప్పటినుంచి టెంకలు కడిగి, చాప పక్కనే ఎండబెట్టి, గలగలమన్నాకే ఇస్తాను. తీసుకెళ్ళినవాళ్ళు ఏం చేసుకుంటారో వాళ్ళ ఇష్టం. తడి సరుకు నా చేతి మీంచి పోకూడదు.

అందుకే ఆ రోజు ఆయన మాట వినలేదు. పైకి కనపడిన బూజు గీకితే పోతాది. లోపలికి వేళ్ళు పాకింది కంటికి కనపడదు. మన వాళ్ళలో షుగరు ఉన్నవాళ్ళు, డెబ్భై దాటినవాళ్ళు, చంటి గుంటలు ఉంటారు. ఎండబెట్టినా, వేయించినా బూజు విషం పోదు. గొయ్యి తవ్వమన్నాను. ఆయన తవ్వాడు. పైన మట్టి కప్పాక ఇద్దరం చాలాసేపు అక్కడే కూచున్నాం.

ఈ మధ్య ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు ఒకరిద్దరు "ఇంత బాధ ఎందుకు, భీమాలి నుంచి తెప్పించేద్దాం" అన్నారు. భీమాలి తాండ్రకి నేను వంక పెట్టను. నాకంటే నున్నగా పూస్తారు. కానీ దాంట్లో మన గీతలుండవు. ఇంకొకరు, "ఉప్పు పొర మానేస్తే సరి, తడి గొడవ ఉండదు" అన్నారు. పదహారూ తీపి పొరలైతే పని సులువే. అందుకు నేను ఒప్పుకోలేదు. ఎదురు లైను వదిన గిన్నె పట్టుకుని నిలబడ్డ పొద్దు చూసినవాళ్ళెవరూ ఒప్పుకోరు. చూడనివాళ్ళు ఇప్పుడు చదివారు.

ఈ ఏడు ఏర్పాటు ఇదీ. ఏరువాక పున్నమికి ముప్ఫై రోజుల ముందు మొదటి పొర వేస్తాం. పొరలకి పదహారు రోజులు, ఉప్పు పొరకి ఒక రోజు అదనం, తిరగేయడానికి రెండు. మిగతా పదకొండు రోజులు మబ్బుకి వదిలేశాను. మబ్బు రోజున పొర వెయ్యం. ఎవరు తొందరపెట్టినా వెయ్యం, నేను తొందరపెట్టినా మీరు ఆపండి. చాప వాన తగలని చోటికి లాక్కునేలాగ పెరట్లో రేకు కింద మంచం వేయించాను. పాత చాప కాల్చేశాను, బూజు దాంట్లో దాగి ఉంటాదని భయం. కొత్త ఈత చాప పార్వతీపురం నుంచి తెచ్చుకున్నాం.

ఎనిమిదో పొర ఆ వదిన కూతురిది. సునాబెడలో ఉంటాది. వాళ్ళమ్మ ఎన్ని మిరపకాయలు వేసేదో నన్ను అడిగి రాసుకుంది. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి, రెండు ఎండలూ దగ్గరుండి చూసుకుంటానంది. జయపురం నుంచి ఒకరు, దామంజోడి నుంచి ఒకరు గుజ్జు ఉడికించి పంపుతామన్నారు. రాయగడలో ఉన్న మనోళ్ళు ఎనిమిది ఇళ్ళు ఒప్పుకున్నారు. మొత్తం పదకొండు. ఐదు పొరలు ఖాళీ ఉన్నాయి. పళ్ళు ఐదు కిలోలు చాలు, పంచదార లేకపోతే నా దగ్గర ఉంది. వచ్చేవాళ్ళు పళ్ళ తొడిమలు కోసి సొన తీసి, కడిగి తీసుకురండి. టెంకలు పారెయ్యకండి, ఇక్కడే ఆరబెట్టుకుందాం.